చేతులు కడిగిన నీళ్ళు

పోయిన వారం మనం సవరమ్మని బడి వంటపాక గుమ్మంలో, చేతిలో గరిటెతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఎదురుగా మంచులోంచి ఊరు ఊరంతా నడిచి వస్తోంది. అందరికంటే ముందు గాసి దిసారి. ఊరికి మంచిరోజు చెడ్డరోజు చెప్పే పెద్దమనిషి, సవరమ్మ తల్లికి సొంత తమ్ముడు. మేనమామ వస్తుంటే మేనకోడలికి భయమేమిటని మీరు అడగవచ్చు. ఆ భయానికి కారణం వంటపాక వెనక పందిరి మీద గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది.

ఈ వారమే కథలోకి వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాచిపెంట దాటి జీపు దారి ఆగిపోయిన చోట నుంచి ఇంకా పైకి నడిస్తే జీలుగుమెట్ట వస్తుంది. ఒకే గది బడి. ఒకే మాస్టారు, సర్వేశ్వరరావు. సాలూరు నుంచి వస్తారు, రాగలిగిన రోజు వస్తారు. బడిలో మధ్యాహ్న భోజనం మొదలై రెండేళ్ళు కావస్తోంది. సవరమ్మ తల్లుల సంఘంలో మనిషి. మొదట్లో వంటకి సాయం చెయ్యడానికి వచ్చింది, ఆ తర్వాత బడినే నెత్తికెత్తుకుంది. పిల్లలు తిని పారేసిన ప్లాస్టిక్ ప్లేటుని ఒక ఆవు కూర్చుని నెమరు వేస్తుంటే చూసి, ఆ మర్నాడే పిల్లలందరికీ అడ్డాకులతో డొప్పలు కుట్టడం నేర్పింది. సంతలో కొన్న నీళ్ళ బాటిళ్ళు మాన్పించి ఎండిన ఆనప బుర్రలు భుజాన వేయించింది. పిల్లలు భోజనానికి ముందూ వెనకా చేతులు కడిగిన నీళ్ళు ఊరికే వాగులోకి పోతున్నాయని వెదురు బొంగు చీల్చి దోనె కట్టి, ఆ నీళ్ళన్నీ వంటపాక వెనక చిక్కుడు పాదులోకి మళ్ళించింది. ఊళ్ళోవాళ్ళు చూసి నవ్వారు. నవ్వనిమ్మంది.

ఇదంతా ఊరికే చెయ్యలేదు. ఆమె భర్త యోనా కింద వీధి చర్చిలో ఉపదేశి. మూడో తరగతి చదివే కూతురు సుజానాని సాలూరు హాస్టల్లో వేస్తానని ఆయన పట్టు. ఈ బడిలో చదువు రాదన్నాడు. బడి బాగుపడితే పిల్ల ఇంట్లోనే ఉండాలని సవరమ్మ బేరం పెట్టింది. క్రిస్మస్ దాకా చూస్తానన్నాడాయన. అందుకని ఆ తల్లి రోజూ వంటపాక ఊడ్చే చీపురుతోనే కూతుర్ని ఇంట్లో అట్టేపెట్టుకోవాలని చూస్తోంది.

చేతులు కడిగిన నీళ్ళు తాగిన పాదు ఊరికే ఉంటుందా? పొలాల గట్ల మీద ఊరివాళ్ళ చిక్కుడు ఇంకా పూత మీద ఉండగానే బడి పందిరి కాయలతో ఒంగిపోయింది. సవరమ్మ సంబరంగా కోసి, పప్పులో వేసి, పిల్లలకి వడ్డించింది. అక్కడే వచ్చింది తంటా.

ఈ కొండల్లో ఏ పంట వచ్చినా ముందు 'కొత్త' చెయ్యాలి. మామిడికి కొత్త, కొర్రకి కొత్త, చిక్కుడికి కొత్త. మెట్ట మీద రాయిగా వెలసిన జాకర దేవతకి పెట్టి, ఆ తర్వాతే మనిషి నోట పెట్టుకోవాలి. బాప్తిస్మం తీసుకున్న కింద వీధివాళ్ళు కొత్త చెయ్యరు. అయినా పై వీధివాళ్ళు చేసేదాకా ఆగుతారు. అది రాసుకున్న షరతు కాదు, ఇరుగుపొరుగు మర్యాద. చిక్కుడు కొత్తకి ఇంకా నెల గడువుంది. బడి పిల్లలు మాత్రం చిక్కుడు తినేశారు.

ఇప్పుడు గాసి వంటపాక ముందు ఆగాడు.

"సవరీ," అన్నాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిననాటి పిలుపే. గొంతు మాత్రం అప్పటిది కాదు. "ఆ పప్పులో ఏటేశావు?"

"ఈయాల గుమ్మడికాయ మావా."

"నాలుగ్రోజుల కింద?"

సవరమ్మ గరిటె కింద పెట్టేసింది. "సిక్కుడు."

"కొత్త అయినాదా?"

"నేదు."

వెనక జనంలో గుసగుస లేచింది. దాన్ని తోసుకుంటూ చిన్నమ్మలు ముందుకొచ్చింది. ఆమె కూడా బడిలో వంటమనిషే. చంకన ఆమె కొడుకు బుధు ఉన్నాడు. చంకనెక్కే వయసు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి వాడి కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోతున్నాయి.

"సూసారా, ఒప్పీసుకుంది! నా గుంటడు కడుపట్టుకుని ఎలాగ గింజుకున్నాడో నాకు తెలుసు. ఈయాల నా గుంటడు, రేపు మీ గుంటలు. డొప్పలు తగ్గిపోతన్నాయి, నువ్వే తీసుకెల్తన్నావని నన్ను దొంగని సేసింది కదేటి? ఇప్పుడెవలు దొంగ? దేవత నోటికాడ కూడు తీసి గుంటలకెట్టినోళ్ళు దొంగలు కారా?"

డొప్పల సంగతి నిజమే. కుట్టి అటక మీద పెట్టిన డొప్పలు కొన్ని మాయమైతే సవరమ్మ చిన్నమ్మల్ని అనుమానించింది, మాట కూడా తూలింది. ఆ వడ్డీ ఇప్పుడు వసూలవుతోంది.

సర్వేశ్వరరావు మాస్టారు బడి గుమ్మంలోంచి మెల్లగా దిగి వచ్చారు. మంచి మనిషి. కానీ ఎక్కడ ఏం మాట్లాడాలో దేవుడు ఆయనకి చెప్పి పంపలేదు.

"చూడండి గాసిగారూ, చిక్కుడు తింటే ఎవరికీ ఏమీ కాదండీ. అందులో ప్రొటీన్ ఉంటుంది," అన్నారు.

ప్రొటీన్ అనే దేవత పేరు ఊళ్ళో ఎవరూ వినలేదు. గాసి ఓపిగ్గా తల ఊపాడు.

"నీకు తెల్దు మాస్టారూ. నీ తప్పు నేదు. ఇది తెలిసినోళ్ళ తప్పు." మేనకోడలి వైపు తిరిగాడు. "నానేటి అడిగానమ్మా నిన్ను? నువ్వు యేసుని నమ్ముకున్ననాడు అడ్డం ఒచ్చానా? నీ పెళ్ళికి సర్చిలో సివరి బల్ల మీద కూకుని దీవించాను. కొత్త సెయ్యమని ఎప్పుడైనా అడిగానా? మాది అయిందాకా ఆగమన్నాను. అంతే కదేటి?"

కోపంగా అని ఉంటే సవరమ్మ కూడా నాలుగు మాటలు అనేసేదే. ఆయన నొచ్చుకుంటూ అన్నాడు.

"మర్చిపోయాను మావా," అంది. "మతం మారినానని కాదు. మీ మాటంటే లెక్కలేక కాదు. కాయలు సూసిన సంబరంలో మర్చిపోయాను. ఎలాగ మర్చిపోయానో నాకే తెల్దు."

అది నిజం. తిన్న మర్నాడు గుర్తొచ్చి ఆమె వంటపాకలో ఒక్కత్తీ కూర్చుని గుండెల మీద కొట్టుకుంది. ఊళ్ళో పుట్టి, ప్రతి ఏడూ అమ్మమ్మ కొంగు పట్టుకుని కొత్తకి మెట్ట ఎక్కిన మనిషి. తనే మరిచిపోతే ఇంకెవరికి గుర్తుంటుంది అనుకుంది.

గాసి తలపాగా సవరించుకున్నాడు. తీర్పు చెప్పేముందు ఆయనకది అలవాటు.

"పాదు పీకీయాల. పుష్యంలో ఊరి కొత్త అయిందాకా గుంటలెవలూ ఈ బడి గుమ్మం తొక్కరు."

మాస్టారి మొహం పాలిపోయింది. "సోమవారం ఆఫీసరుగారు వస్తున్నారండీ! పిల్లలు లేరంటే ఈ బడిని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. మళ్ళీ తెరవరు."

జనం మొహాలు చూసుకున్నారు. గెడ్డ పొంగితే పెద్దవాళ్ళే దాటలేరు. అయినా దేవత మాట ముందు ఆఫీసరు మాట ఎంత?

సవరమ్మకి మాత్రం గెడ్డా కనపడలేదు, ఆఫీసరూ కనపడలేదు. సాలూరు హాస్టల్లో వరసగా పరిచిన చాపలు కనపడ్డాయి, అందులో ఒక చాప మీద ముడుచుకుని పడుకున్న సుజానా కనపడింది. యోనా రెండు రోజుల కిందట ఆ హాస్టల్ చూసి వస్తానని సాలూరు వెళ్ళాడు. ఇవాళో రేపో తిరిగొస్తాడు. వచ్చేసరికి బడికి తాళం ఉంటే ఇక అడగడానికి ఆమె దగ్గర ఏం మిగులుతుంది?

"పాదు నానే పీకీత్తాను," అంది. "ఏసింది నాను, పీకేదీ నానే. తప్పు నాది. గుంటల్ని మాత్రం బడికి ఆపకండి మావా. నీ కాళ్ళట్టుకుంటాను."

కూరలు తరిగే కత్తి తీసుకుని పందిరి కిందికి వెళ్ళింది. వెదురు దోనె చివర ఇంకా నీటి బొట్లు పడుతున్నాయి. పొద్దున పిల్లలు కడిగిన చేతుల నీళ్ళే. పాదు మొదలు తడిగా, బొటనవేలంత లావున ఉంది. వేసవి చివర్లో ఈ గింజ నాటిననాడు సుజానా పక్కన కూర్చుని, ఎప్పుడొస్తాదమ్మా, ఎప్పుడొస్తాదమ్మా అని ప్రాణం తీసింది. సవరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. కత్తి మొదలుకి ఆనించింది. ఏడవకూడదనుకుంది కానీ ఏడ్చేసింది.

"అమ్మా, ఒగ్గీ! కొయ్యకు!"

సుజానా జనం కాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. వెనకాలే మిగతా పిల్లలు.

"ఎందుకు కోత్తన్నావు? మేం కొత్త సేసీసాం కదా!"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. గాసి చెయ్యెత్తాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎవలు సేసారే గుంటా?"

"మేమే తాతా. బడోళ్ళం."

"ఎప్పుడు?"

"తినక ముందే. అమ్మ కాయలు కోసి గిన్నెలో ఏసింది కదా, అప్పుడు కొన్ని తీసుకెల్లి మెట్ట మీద ఎట్టీసి ఒచ్చాం. మాస్టారు అప్పుడు హాజరు పుస్తకం రాసుకుంటన్నారు."

"మీకెవలు సెప్పారు సెయ్యమని?"

సుజానా ఆయన్ని వింతగా చూసింది. పెద్దవాళ్ళు ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎందుకు వేస్తారో ఆ పిల్లకి బోధపడలేదు.

"ఎవలు సెప్తారు తాతా? కొత్త సెయ్యకండా ఎలాగ తింటాం?"

సవరమ్మ చేతిలోంచి కత్తి జారి తడి మట్టిలో పడింది. తను మరిచిపోయింది. పలకలూ బుర్రలూ మోసుకుంటూ వచ్చే ఈ పిడికెడంత పిల్లలు మరిచిపోలేదు. ఆ మాటకి ఆమె ఒళ్ళు జలదరించింది. నేను రాస్తుంటే నాకూ జలదరించింది, దాచుకోవడమెందుకు?

"సూపించండి," అన్నాడు గాసి.

పిల్లలు ముందు, ఊరు వెనక. మెట్ట మీదికి దారి బడి వెనకనుంచే. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడిచేవాడి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. చెప్పుల చప్పుడు, బుధు మూలుగు, మాస్టారి ఆయాసం మాత్రం వినపడుతున్నాయి. చిన్నమ్మలు దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. ఆడగుంటలు కొత్త సెయ్యడమేటి, బాప్తిస్మం తీసుకున్నోళ్ళ గుంట సెయ్యడమేటి, ఎక్కడైనా ఉందా అని. సవరమ్మకి ఏ మాటా వినపడలేదు. మెట్ట మీద ఏమీ లేకపోతే? పిల్లలు ఆటగా ఏదో చేసి ఉంటే? ఊరందరి ముందు తన పిల్ల అబద్ధాలకోరు అయిపోతే? గెలిపించడానికి వచ్చిన కూతురు ఓడిపోతుందేమోనన్న భయం తన ఓటమికంటే ఎక్కువ బాధ పెట్టింది.

పైకి వచ్చేసరికి మంచు తెగిపోయింది. ఒక్కసారిగా ఎండలోకి వచ్చిపడ్డారు. కింద ఊరు లేదు, బడి లేదు, గెడ్డ లేదు. తెల్లటి మంచు అంచులదాకా నిండిపోయి ఉంది. దాని మీద దూరంగా కొండల తలకాయలు నీలంగా తేలుతున్నాయి. పుట్టినప్పటినుంచీ ఈ కొండల్లోనే బతుకుతున్నవాళ్ళు కూడా ఒక్క నిమిషం నడక ఆపి చూశారు. మాస్టారైతే చెప్పులు విడిచేశారు. ఎందుకు విడిచారో ఆయనకే తెలియదు.

జీలుగు చెట్ల మధ్య జాకర దేవత రాయి. దాని చుట్టూ డొప్పలు.

ఎవరో సరిచేసి పెట్టినట్టు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా ప్రతి డొప్ప అంచుమీదా ఒక చిన్న గులకరాయి. ఆకులు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. లోపల చిక్కుడుకాయలు ముడుచుకుపోయి నల్లబడ్డాయి. కొన్నింట్లో చీమలు బారులు తీరాయి. కొన్నింటిని పిట్టలు పొడిచి గింజలు పట్టుకుపోయాయి. ఒక డొప్పలో మాత్రం కాయ లేదు. సుద్దముక్క ఉంది.

"ఇయ్యి మన డొప్పలే," అంది చిన్నమ్మలు. గొంతు అప్పుడే తగ్గింది. "కుట్టు సూడు, మన బడి కుట్టే."

సవరమ్మ ఆమె వైపు చూసింది. ఇద్దరూ కలిసి వెతికిన డొప్పలు. వాటికోసం అన్ని మాటలు అనుకున్న డొప్పలు. సవరమ్మ చిన్నమ్మలు చెయ్యి పట్టుకుంది. ఆమె విదిలించుకోలేదు.

"సుద్దముక్క ఎవలెట్టారు?" అడిగాడు గాసి.

ఒక చిన్న పిల్ల వేలు నోట్లో పెట్టుకుని చెప్పింది. "మాస్టారి పేరున. ఆయన మన ఊరోడు కాదు కదా, తెలీక తినీత్తాడని."

సర్వేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎంత తుడిచినా ఆ మసక అద్దాల మీద లేదు. ఈ కొండ మీదికి వచ్చిన దగ్గర్నుంచీ బదిలీ కోసం ఎక్కని గడప లేదు ఆయన. తన పేరున ఒక డొప్ప ఇన్ని రోజులుగా ఇక్కడ ఎండకి ఎండి మంచుకి తడుస్తోందని ఆయనకి ఎవరు చెప్పారు?

గాసి వంగి ఒక డొప్ప తీశాడు. ఎండిన ఆకుని వేళ్ళతో నలిపి చూశాడు. నిన్నా మొన్నా పెట్టినది కాదని ఆయనకి తెలిసిపోయింది.

"పెట్టారు. సరే. ఊరికే ఎట్టీడం కొత్త అవదు గుంటా. మాటలు సెప్పాల. సెప్పారా?"

"సెప్పాం."

"ఏ మాటలు?"

సుజానా రాయి ముందుకి వెళ్ళింది. ఒకసారి తల్లి వైపు చూసి, చేతులు కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా మొదలుపెట్టింది.

"కొండమ్మ తల్లీ, నీకో కాయ. గెడ్డమ్మ తల్లీ, నీకో కాయ. పోయినోళ్ళకో కాయ. రాబోయినోళ్ళకో కాయ. పిట్టకో కాయ, పురుక్కో కాయ. మిగిలింది మాకు. మిగలకపోతే మళ్ళీ ఏడు."



గాసి తలపాగా తీసేశాడు. ఆ తలపాగా లేకుండా ఆయన్ని ఊళ్ళో చూసినవాళ్ళు తక్కువ. తెల్లజుట్టు ఎండలో మెరిసింది.

"ఇయ్యి మా అమ్మ మాటలు," అన్నాడు. "మా అమ్మ పోయినాక ఈ మాటలు నాను ఎక్కడా ఇన్నేదు. నాకు పూర్తిగా రావు. నాను కొత్త సేసినప్పుడు సగం మింగీసి మంత్రం సదివినట్టు సేత్తాను. ఇన్నేళ్ళూ ఎవలూ అడగనేదు." సుజానా ముందు గొంతుకూర్చున్నాడు. "నీకెవలు నేర్పారమ్మా?"

"అమ్మ."

"నానా?" అంది సవరమ్మ. "నానెప్పుడు నేర్పానే?"

"సిక్కుడుకాయలు ఒలిసినప్పుడల్లా అంటావు కదా. సిన్నగా అంటావు. నాన్న ఇంట్లో లేనప్పుడు కొంచెం గట్టిగా అంటావు."

సవరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను అంటుందా? బాప్తిస్మంనాడే ఆ మాటలన్నీ ఏటిలో ఒదిలేశానని అనుకుంది. చిక్కుడు ఒలిచే వేళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. అమ్మమ్మ తన పక్కన కూర్చుని ఒలిచినట్టు తను కూతురి పక్కన కూర్చుని ఒలుస్తూ ఉంది, మాటలు వాటంతటవి ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి నడిచి వెళ్ళిపోయాయి. ఆమెకి భయమేసింది, ఆనందమేసింది. ఆ రెండిట్లో ఏది ఎక్కువో ఆమెనే అడగాలి.

"ఇంకా ఉంది తాతా," అంది సుజానా. "సివర్న ఇంకోటి అన్నాం."

"మా అమ్మ మాటల్లో ఇంకోటి నేదే?"

"మేం కలిపాం. 'సేతులు కడిగిన నీళ్ళకో కాయ' అన్నాం." ఒప్పేనా అన్నట్టు అందరి మొహాలూ చూసింది. "ఆ నీళ్ళకే కాసిందని అమ్మ సెప్పింది మరి. గెడ్డమ్మకి ఎట్టి దానికి ఎట్టకపోతే దానికి కోపం రాదా?"

గాసి లేచి ఆ డొప్పల వలయం చుట్టూ ఒకసారి నడిచాడు. ఒక్క డొప్పనీ కాలితో తగలకుండా నడిచాడు. సవరమ్మ కట్టిన వెదురు దోనెని చూసి ఊళ్ళో అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఆ దోనె నీళ్ళు ఇప్పుడు ఆయన తల్లి మాటల్లో చేరిపోయాయి.

ఇంతలో చిన్నమ్మలు చంక దిగి బుధు నేలమీద నిలబడ్డాడు. వాడి మొహం ఏడుపు మొహంలా ఉంది.

"మరి నాకెందుకు నొప్పొచ్చింది తాతా?"

"నువ్వు కొత్తకి ఒచ్చావా?"

"ఒచ్చాను." వాడు తల్లివైపు భయంగా చూశాడు. "కానీ అంతకు ముందే పందిట్లో దూరి పచ్చికాయలు తినీసాను. జేబునిండా కోసుకుని."

గాసి తల వెనక్కి వేసి నవ్వాడు. "పచ్చి సిక్కుడుకాయలు జేబునిండా తింటే దేవతకీ కడుపునొప్పొత్తాది!" జనం కూడా నవ్వేశారు. చిన్నమ్మలు కొడుకు నెత్తిన ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

నవ్వు సద్దుమణిగాక గాసి తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. సవరమ్మకి ఆ అలవాటు తెలుసు. తీర్పు.

"కొత్త అయినాది," అన్నాడు. "బడి పాదు పీకీపని నేదు. గుంటలు బడికొత్తారు, తింటారు. సోమారం ఆఫీసరొత్తే అందరూ కూకునుండాల." ఆగాడు. రాయి మీద అరచెయ్యి ఆనించాడు. "ఇకనుంచి ఆ పందిరి కొత్త ఈ గుంట సేతిమీదే. ఏ నోటితో మొదలైందో ప్రతి ఏడూ ఆ నోటితోనే సెప్పాల. మా అమ్మ మాటలు దీని కాడున్నాయి. ఇది ఈ కొండ దిగి ఎక్కడికీ ఎల్లదు. జాకర తల్లి ముందు నాను మాటిత్తన్నాను."

సవరమ్మ ఊపిరి పీల్చుకుంది. బడి నిలిచింది, పిల్ల నిలిచింది. ఆమె కోరుకున్నది ఇదే కదా? కోరుకున్నదే. కానీ ఎక్కడికీ ఎల్లదు అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. అంటే రేపు పెద్ద చదువుకి కూడా వెళ్ళదా?

"ఎవరికి పెట్టావమ్మా ఇదంతా?"

అందరూ వెనక్కి తిరిగారు.

దారి చివర, మంచులోంచి సగం పైకి వచ్చి, యోనా నిలబడి ఉన్నాడు. భుజం మీద కొత్త ట్రంకు పెట్టె. దాని మూతమీద గులాబీలు, గులాబీల మధ్య ఎర్రరంగుతో సుజానా పేరు. ఊళ్ళో మనుషులు కనపడక గొంతులు వినపడిన వైపు పైకి వచ్చినట్టున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. చొక్కా చెమటకి తడిసి ఉంది. మొహంలో కోపం లేదు. కూతుర్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

సుజానా పరుగెత్తికెళ్ళి తండ్రి కాలు పట్టుకుంది.

"అందరికీ నాన్నా. నీకూ ఎట్టాను. అదిగో, ఆ పెద్ద డొప్ప నీదే. నువ్వు సర్చిలో బల్లకాడ రొట్టె ఇరిసి అందరికీ ఎట్టి నువ్వు సివర్న తింటావు కదా, అలాగే సేసాం."

యోనా పెట్టె కిందికి దించాడు. అది రాతి మీద గట్టిగా మోగింది. ఆ పెద్ద డొప్ప దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. అప్పుడు కింద, మంచు అడుగునెక్కడో, గెడ్డ దగ్గర జీపు హారన్ మోగింది.

"సాలూరు సర్చి అయ్యగారు," అన్నాడు మెల్లగా. "హాస్టల్లో ఒక్క సోటే మిగిలింది, క్రిస్మస్ దాకా ఆగితే అదీ పోతాది. ఈయాలే తీసుకొత్తానని ఆయనకి మాటిచ్చాను. పిల్ల కోసం ఆయనే జీపేసుకొచ్చారు."

"నాను జాకర తల్లికి మాటిచ్చాను," అన్నాడు గాసి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఇచ్చిన మాట తప్పనివాళ్ళే. మెట్ట మీద ఊరంతా ఒకసారి యోనాని, ఒకసారి గాసిని చూస్తోంది.

సవరమ్మ వాళ్ళిద్దరి మధ్యకి నడిచి వచ్చింది. ఆమె చేతికి పాదు మట్టి ఇంకా ఆరలేదు.

"మీరిద్దరూ మాటిచ్చేశారు," అంది. "దేవుడికొకలు, దేవతకొకలు. నన్నెవలైనా అడిగారా? దాన్ని అడిగారా?"

ట్రంకు పెట్టె మీద, గులాబీల మీద, కూతురి పేరు మీద కూర్చుంది. సుజానాని ఒళ్ళోకి లాక్కుంది.

కింద హారన్ మళ్ళీ మోగింది. సవరమ్మ లేవలేదు.